టైమ్‌కి రైమ్ కావాలి, క్రైమ్ కాకుండా

పోస్టు:
అందరికీ నమస్కారం. ఒక ట్యూన్‌కి ఇంగ్లీషులో నాలుగు లైన్లు రాస్తున్నాను, మొదటిది ‘టైమ్’ దగ్గర ఆగింది. రెండోదాని చివర దానితో ధ్వని కలిసే మాట, అంటే రైమ్ కావాలి, ‘క్రైమ్’, ‘రైమ్’ అనే మాటలు తప్ప ఏమీ తట్టడం లేదు, అవి రెండూ అందరూ వాడి అరగదీసినవే. స్పెల్లింగు కలుస్తోంది కదా అని ‘రెజీమ్’ పెడితే స్నేహితుడు నవ్వాడు, ‘లైన్’ పెడితే మాత్రం పరవాలేదన్నాడు. ఇదేం లెక్కండీ? తెలిసినవాళ్లు చెప్పండి.

కామెంటు:
స్పెల్లింగుని నమ్మకండి, సగం మంది దెబ్బతినేది అక్కడే. ఇంగ్లీషులో రైమ్ చెవికి సంబంధించిన వ్యవహారం. మాటలో ఏ అచ్చు మీద ఊనిక (స్ట్రెస్, అంటే నొక్కి పలకడం) పడుతుందో అక్కణ్ణుంచి చివరిదాకా ధ్వని ఒక్కటే అవ్వాలి, దానికి ముందున్న హల్లు మాత్రం వేరుగా ఉండాలి, దీన్నే పర్‌ఫెక్ట్ రైమ్ అంటారు. టైమ్‌లో ఆ భాగం ‘ఐమ్’. రెజీమ్‌లో ఊనిక ‘జీ’ మీద పడుతుంది, కాబట్టి అది టీమ్, డ్రీమ్‌ల జట్టు, టైమ్ పక్కన నిలబడదు. ‘కొంత’ అని చెప్పడానికి వాడే ‘సమ్’ కూడా అంతే, చివర అవే అక్షరాలు కనిపించినా పలుకు వేరు.

తట్టడం లేదంటే వెతికే పద్ధతి లేకపోవడమే. మనకి గుణింతం వచ్చు కదా, హల్లులన్నిటికీ వరసగా ఐత్వం పెట్టి చివర ‘మ్’ తగిలించి పైకి చదవండి. కైమ్, గైమ్ ఏమీ లేవు. చైమ్ ఉంది, గంట మోత. డైమ్ ఉంది, అమెరికా వాళ్ల పది సెంట్ల నాణెం. మైమ్, రైమ్, లైమ్ ఉన్నాయి. తర్వాత జంట హల్లులకి రండి, అసలు పంట అక్కడే: క్రైమ్, ప్రైమ్, గ్రైమ్, స్లైమ్, క్లైమ్. ఈ క్లైమ్ అంటే కొండ ఎక్కడం, చివర ‘బి’ రాస్తారు కానీ పలకరు, మనలో చాలామంది పలికేస్తారు కాబట్టే ఇది రైమ్ అని తట్టదు. హల్లే లేకుండా చూస్తే ‘ఐమ్’, అంటే ‘నేను’ అని మొదలుపెట్టే ఆ కుదించిన మాట. రెండు మూడు ముక్కల మాటల్లో సబ్లైమ్, పారడైమ్. రెండోదాంట్లో ‘జి’ రాస్తారు, పలకరు. దాని అసలు ఊనిక మొదటి ‘పా’ మీద ఉంటుంది, ‘డైమ్’ మీద పడేది రెండో రకం, అంటే కాస్త తేలికపాటి ఊనిక, అందుకని సబ్లైమ్ అంత గట్టిగా మోగదు, అయినా పాటలో చెల్లిపోతుంది.

ఇంకో గుంట ఉంది, చూసుకుని నడవండి. వంటలో వేసే ఒక ఆకుకి ‘థైమ్’ అని పేరు రాస్తుంటారు మనవాళ్లు. నిజానికి అక్కడ ‘హెచ్’ పలకరు, అది అచ్చంగా ‘టైమ్’ లాగే వినబడుతుంది. ధ్వని మొత్తం ఒక్కటైపోతే అది పర్‌ఫెక్ట్ రైమ్ కాదు, అదే మాటని రెండోసారి అన్నట్టు ఉంటుంది. లైఫ్‌టైమ్, ఓవర్‌టైమ్, మారిటైమ్ కూడా ఈ కారణానికే వద్దు. చివరి ధ్వని మాత్రమే పోల్చి ముందు హల్లుని పట్టించుకోని ప్రోగ్రాములు ఇలాంటివి కూడా లిస్టులో పెట్టేస్తాయి, మనమే ఏరి పారెయ్యాలి.

(అదే పోస్టు పెట్టినవారు): బాగుందండీ, గుణింతం ఐడియా అదిరింది. మరి లైన్ సంగతి?

కామెంటు:
అది నియర్ రైమ్. అచ్చు అదే ‘ఐ’, చివర ‘మ్’ బదులు ‘న్’. రెండూ ముక్కుతో పలికేవే కాబట్టి ఇంగ్లీషు చెవికి దగ్గరగా వినిపిస్తాయి, పాడేటప్పుడు ఆ ‘ఐ’ని సాగదీస్తారు కనుక చివరి హల్లు ఇంకా పల్చబడిపోతుంది. మనకి అంత సులభంగా ఎక్కదు, ఎందుకంటే మన నోట్లో అవి టైము, లైను. చివర ఉకారం చేర్చేసరికి ‘ము’, ‘ను’ విడివిడి అక్షరాలై నిటారుగా నిలబడతాయి, తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. ఉకారం లేకుండా ‘మ్’, ‘న్’ దగ్గరే ఆపేయండి, ఆ దగ్గరతనం వినబడుతుంది. షైన్, మైన్, సైన్, డిజైన్ అన్నీ ఇందులోకే వస్తాయి. ఫైవ్, అలైవ్ ఇంకొంచెం దూరపు చుట్టాలు, అచ్చు ఒక్కటే కలుస్తుంది.

మరో కామెంటు:
మాస్టారూ, అచ్చు మార్చి హల్లులు ఉంచితే? టీమ్, టేమ్, టోమ్, సమాధికి వాడే టూమ్, ఇవన్నీ టైమ్‌తో కలుస్తున్నట్టే అనిపిస్తోంది నాకు.

జవాబు:
కలుస్తాయి, దాన్ని పారారైమ్ అంటారు. మొదటి ప్రపంచయుద్ధం కవి విల్ఫ్రెడ్ ఓవెన్ ఈ పద్ధతిని కవిత పొడుగునా నడిపించాడు (1918 నవంబరులో, యుద్ధం ఆగడానికి సరిగ్గా వారం ముందు చనిపోయాడు పాపం, పాతికేళ్లకే). వినేవాడికి ఏదో కలవబోయి కలవనట్టు ఉంటుంది, యుద్ధం గురించి రాసేవాడికి ఆ అసంతృప్తే కావాలి. మీకు హాయిగా అనిపించడానికి కారణం మన పద్యమేమో అని నా అనుమానం. మన ప్రాసలో పాదం రెండో అక్షరపు హల్లు నిలబడితే చాలు, అచ్చు ఏదైనా పరవాలేదు: రామ, భూమి, సీమ, ప్రేమ ఒకే పద్యంలో దర్జాగా కూర్చుంటాయి. ఇంగ్లీషు వాళ్లకి ముందు అచ్చు కలవాలి, అది పోతే మిగతావి ఎన్ని కలిసినా కుంటినడకే. తెలుగు చెవితో ఇంగ్లీషు పాట రాసేవాళ్లు ఈ ఒక్కటి గుర్తు పెట్టుకుంటే చాలు.

ఇంకొకరు:
ఇంత కష్టం ఎందుకండీ, డిక్షనరీలు ఉన్నాయిగా.

జవాబు:
ఉన్నాయి, వాడండి. కాకపోతే అది ఏ రకమో చూసుకోండి. 1775లో జాన్ వాకర్ వేసిన నిఘంటువు మాటల్ని చివరి అక్షరం నుంచి వెనక్కి వరస పెట్టింది, అలాంటి వరసలో క్లైమ్ పోయి ‘బి’తో ముగిసే మాటల్లో కూర్చుంటుంది, టైమ్‌కి చాలా దూరంగా. కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్ల ఉచ్చారణ నిఘంటువు పలుకుల్ని బట్టి నడుస్తుంది, లక్షా ముప్పై వేలకు పైగా మాటలు, ప్రతి అచ్చు పక్కనా ఊనికకి 0 (లేదు), 1 (అసలుది), 2 (రెండో రకం) అంకెలు ఉంటాయి, ఉచితం కూడా. పలుకు మాత్రం అమెరికాది. రైమ్‌జోన్ సైటులో పర్‌ఫెక్ట్ రైములే కాక నియర్ రైములు కూడా దొరుకుతాయి. లిస్టులో కనిపించిన మాటనల్లా పైకి చదివి చూడండి, చూపుతో సరిపెట్టొద్దు.

(పోస్టు పెట్టినవారు): చివరిగా ఒక్కటి, నాలుగు లైన్లకీ పర్‌ఫెక్ట్ రైమే ఉండాలా?

జవాబు:
అక్కర్లేదు, నా మట్టుకు అన్నీ పర్‌ఫెక్ట్ అయితే పిల్లల పాట వాసన వస్తుంది. టైమ్ అనగానే వినేవాడు క్రైమ్ కోసం కాచుకుని కూర్చుంటాడు, అక్కడ షైన్ ఇస్తే కాస్త తడబడి మళ్లీ చెవి పెడతాడు. మధ్యలో నియర్ పెట్టండి, నాలుగో లైను ముగించేటప్పుడు క్లైమ్ లాంటి గట్టిది వెయ్యండి. అప్పటికీ కుదరకపోతే రెండో లైనుతో కుస్తీ ఆపేసి మొదటి లైనునే తిప్పి రాయండి, ‘టైమ్’ని మధ్యకి జరిపి డే, నైట్ లాంటి మాటతో ముగిస్తే వాటికి రైములు బోలెడు. రాశాక ఇక్కడ పెట్టండి, అందరం పాడి చూస్తాం.