మై హీరో అకాడెమియా సినిమాలు నాలుగు: ఏది ఎప్పుడు వెయ్యాలి?

పెన్నా గట్టు (నెల్లూరు):
దసరా సెలవుల్లో మేడ మీద తెర కట్టి పిల్లలకి మై హీరో అకాడెమియా (అతీత శక్తులున్న పిల్లలు హీరోలయ్యే చదువు చదివే జపాన్ యానిమేషన్ సీరీస్) సినిమాలు నాలుగూ వెయ్యాలనుకుంటున్నాం. ఎక్కువమంది మూడో సీజన్ దాకానే చూశారు. ఏది ఏ సీజన్ తర్వాత వెయ్యాలి? అసలు కథకి సంబంధం లేదంటారు గదా, నాలుగూ చూడదగ్గవేనా? తెలిసినోళ్లు వివరంగా చెప్పండబ్బా.

సింగరాయకొండ:
టూ హీరోస్ (2018, 96 నిమిషాలు) రెండో సీజన్ అయిపోతే చాలు. హీరోస్ రైజింగ్ (2019, 104) నాలుగో సీజన్ తర్వాత. వరల్డ్ హీరోస్ మిషన్ (2021, 104) ఐదో సీజన్లో ఎండెవర్ అనే హీరో దగ్గర ఇంటర్న్‌షిప్ ఎపిసోడ్లు చూశాక. యు ఆర్ నెక్స్ట్ (2024, 110) ఆరో సీజన్ పూర్తయ్యాకే. మీ పిల్లలకి ఇప్పటికి మొదటిదొక్కటే వెయ్యండి. మిగతావి వేస్తే సీరీస్‌లో రాబోయే మలుపులు ముందే తెలిసిపోతాయి.

ఒంగోలు గిత్త:
అన్నిటికీ ఉన్న లోపం ఒకటే. సీరీస్ నడుస్తుండగా తీసినవి కాబట్టి, చివరికి ఎవరినీ మార్చకుండా ఎక్కడివాళ్లని అక్కడ వదలాలి. హీరోస్ రైజింగే చూడండి. కథానాయకుడు డెకు, ఒకరి నుంచి ఒకరికి అందించగల తన వన్ ఫర్ ఆల్ శక్తిని తోటి విద్యార్థి బాకుగోకి ఇచ్చేస్తాడు. ఈ ఆలోచన రచయిత హోరికోషి ఒకప్పుడు మాంగా (సీరీస్‌కి మూలమైన బొమ్మల కథ) ముగింపు కోసం అనుకున్నదే. అంత పెద్ద సంగతి జరిగాక శక్తి తిరిగి డెకు దగ్గరే ఉండిపోతుంది, బాకుగోకి ఆ జ్ఞాపకమే ఉండదు. అంతసేపు గుండె పట్టుకుని చూసినోళ్లకి అక్కడ చప్పబడుతుంది.

అయినా నాలుగిట్లో గట్టిది అదే. నైన్ అనే విలన్‌కి తన శక్తి వాడేకొద్దీ ఒళ్లు క్షీణిస్తుంది, అందుకే కణాలకి జీవం పోసే పిల్లాడి శక్తి కోసం దీవి మీద పడతాడు. కారణం సూటిగా ఉంది కాబట్టి ఇరవైమంది విద్యార్థులకీ తలా ఒక పని దొరికింది. ఆఖరి పోరాటంలో యానిమేటర్ యుటాకా నకామురా గీసిన కదలికలు పెద్ద తెర మీదే చూడాలి. దెబ్బలు, నెత్తురు ఎక్కువే, పదేళ్ల లోపు పిల్లలకి వద్దు.

టూ హీరోస్‌లో విలన్ వోల్ఫ్‌రమ్ తేలిపోయాడు. బరువంతా శాస్త్రవేత్త డేవిడ్ షీల్డ్‌దే. తన పాత స్నేహితుడు, హీరోలందరిలోకీ పెద్దవాడైన ఆల్ మైట్ శక్తి తగ్గిపోవడం చూసి, దాని కారణం తెలీక, ఆయన్ని కాపాడాలనే తప్పు దారి తొక్కుతాడు. దానికి ఇంకో పది నిమిషాలు ఇచ్చుంటే ఎంత బాగుండేది!

కావలి:
వరల్డ్ హీరోస్ మిషన్‌ని వదిలెయ్యకండి. శక్తులున్నవాళ్లతో లోకానికి ముప్పనే విలన్ ఫ్లెక్ట్ టర్న్ వాదానికి సమయం చాల్లేదు, డెకు, బాకుగో, టోడొరొకి తప్ప మిగతా క్లాసంతా పక్కకి పోయింది, ఒప్పుకుంటాను. కానీ రోడీ సోల్ ఉన్నాడు. నోటితో ఎన్ని అబద్ధాలాడినా, లోపలి మాట అతని పిట్ట పీనో బయటపెడుతుంది. అది అతని క్విర్కే (ఈ కథలో పుట్టుకతో వచ్చే అతీత శక్తి) అని తెలిశాక మొదటి సీన్లు మళ్లీ చూడాలనిపిస్తుంది. నాకైతే నాలుగు సినిమాల్లో పుట్టిన కొత్త పాత్రల్లో అతనే మేలు.

సింగరాయకొండ:
యు ఆర్ నెక్స్ట్ వేసే రోజున ముందు మూడో సీజన్లో కామినో అనే చోట జరిగే పోరాటం ఎపిసోడ్ ఒకసారి వెయ్యండి. ఆల్ మైట్ అక్కడ వేలు చూపించి "ఇక నీ వంతు" అంటాడు. ఈ సినిమా విలన్ డార్క్ మైట్ ఆ మాటని తనకే అన్వయించుకుని ఆయన స్థానం తనదేనంటాడు. ఆ సీన్ గుర్తులేకపోతే విలన్ గోలంతా అర్థం కాదు.