హెమింగ్వే రాతకి మూలం ఆ ఒక్క గాయమేనా?

పాత అలమర:
అమెరికా రచయిత హెమింగ్వే జీవితచరిత్రలు ఈ మధ్య వరసగా చదివాను. మొదటి ప్రపంచయుద్ధంలో, 1918 జూలై 8 రాత్రి, ఇటలీలో పియావే నది ఒడ్డున ఫొస్సాల్టా దగ్గర ఆస్ట్రియా వాళ్ల మోర్టార్ గుండు ఆయన పక్కనే పేలింది. అప్పటికి పంతొమ్మిదేళ్లు కూడా నిండలేదు. ఆయన కథల్లో నాయకులంతా ఆ గాయం నుంచే పుట్టారని ఫిలిప్ యంగ్ అనే విమర్శకుడు 1952లో పుస్తకం రాశాడు. 1987లో కెన్నెత్ లిన్ వచ్చి, అది కాదు, చిన్నప్పుడు తల్లి ఆడపిల్ల బట్టలు వేసి, అక్కతో కవలల్లా పెంచిన ఇంట్లోనే మూలం ఉందన్నాడు. నాకు యంగ్ చెప్పిందే నిజమనిపిస్తోంది. మీరేమంటారు?

నల్లగొండ రామన్న:
ముందు ఒక్కటి సరిచేసుకుందాం. ఆయన సైనికుడు కాదు. రెడ్ క్రాస్ తరఫున అంబులెన్స్ నడపడానికి వెళ్లాడు. దెబ్బ తగిలినప్పుడు అదీ నడపట్లేదు, ఇటలీ సైనికులకు చాక్లెట్లు, సిగరెట్లు పంచుతున్నాడు.

పాత అలమర:
సైనికుడని నేనెక్కడా రాయలేదే. చాక్లెట్లు పంచేవాడి కాళ్లలో దిగినా ఇనుప ముక్కలు ఇనుప ముక్కలే కదండీ. మిలాన్ ఆస్పత్రిలో నెలల తరబడి ఉన్నాడు. ‘బిగ్ టూ హార్టెడ్ రివర్’ కథ చూడండి. నిక్ అనే కుర్రాడు కాలిపోయిన ఊళ్లో రైలు దిగి, ఒంటరిగా నడిచి, గుడారం వేసుకుని చేపలు పడతాడు. అంతే కథ. అది యుద్ధం నుంచి తిరిగొచ్చినవాడి కథ అనీ, అందులో యుద్ధం ఊసే రానివ్వలేదనీ తర్వాత ఆయనే రాసుకున్నాడు.

కృష్ణ లంక:
అమెరికా నవలాకారుడు కర్ట్ వానెగట్‌ని మర్చిపోయారు. 1945 ఫిబ్రవరిలో జర్మనీలోని డ్రెస్డెన్ నగరం బాంబులకి తగలబడుతుంటే ఆయన యుద్ధఖైదీగా కబేళా కింద, మాంసం నిల్వ చేసే గదిలో ఉన్నాడు. దాని మీద ఆయన నవల ‘స్లాటర్‌హౌస్ ఫైవ్’ రావడానికి 1969 దాకా పట్టింది.

నల్లగొండ రామన్న:
వానెగట్ సంగతి వేరు, ఆయన పుస్తకమే డ్రెస్డెన్ గురించి. మనం మాట్లాడేది చేపల కథ గురించి. 1919లో హెమింగ్వే ఇద్దరు స్నేహితులతో కలిసి మిషిగన్‌లో సీనీ అనే ఊరి దగ్గర చేపలు పట్టడానికి వెళ్లాడు. కథకి మూలం ఆ ప్రయాణమే, అక్కడి నది పేరు ఫాక్స్. కథ అచ్చయింది 1925లో. ‘యుద్ధం కథ’ అని ఆయన చెప్పిన పుస్తకం వచ్చింది చనిపోయాక, 1964లో. విమర్శకులు అలా చదవడం మొదలుపెట్టాక ఆయన కూడా ఆ మాటే అందుకున్నాడని లిన్ వాదన. నదులు లెక్కపెట్టండి, మనుషులు లెక్కపెట్టండి, గాయం ఎక్కడుందో చూపించండి.

పాత అలమర:
ముగ్గురు వెళ్లిన చోటికి కథలో ఒక్కణ్ణే ఎందుకు పంపాడు? అక్కడే ఉంది. మీరు నది పేరు దగ్గరే ఆగిపోయారు.

వేకువ చుక్క:
ఇద్దరూ రైటేమో. తల్లి, యుద్ధం రెండూ ఉండొచ్చు కదా.

నల్లగొండ రామన్న:
రెండూ ఉండొచ్చని అందరూ అంటారు. కానీ చివరికి విమర్శకుల పుస్తకాల్లో మిగిలేది యుద్ధమే. హెమింగ్వే తండ్రి 1928లో కాల్చుకుని చనిపోయాడు. 1961లో ఈయనా అలాగే పోయాడు. తర్వాత ఒక చెల్లెలు, ఒక తమ్ముడు కూడా తమ ప్రాణం తామే తీసుకున్నారు. వాళ్లలో ఎవరు ఫొస్సాల్టాలో ఉన్నారండీ? నాకీ పట్టుదల ఎందుకో చెప్తా. మా నాయిన ఫౌజీ. 1971 యుద్ధం చూసొచ్చిండు. అమ్మను కొట్టిన ప్రతిసారీ ఊళ్లో పెద్దమనుషులు ‘పాపం, యుద్ధం చూసొచ్చినోడు’ అనేటోళ్లు. మా తాత ఏ యుద్ధమూ చూడలేదు. నాయనమ్మను ఆయనా అట్లనే కొట్టిండు. ఆ సంగతి ఎవ్వరూ ఎత్తరు.

కృష్ణ లంక:
రామన్నా, సొంత విషయాలు తెచ్చి హెమింగ్వే మీద రుద్దితే ఎలా?

నల్లగొండ రామన్న:
రుద్దేది మీరు. ఇంట్లో పెట్టిన బాధలన్నిటికీ మందుగుండు పూత పూస్తున్నారు. నలుగురు భార్యలున్నారు ఆయనకి. మూడో ఆవిడ మార్తా గెల్‌హార్న్ ఆయన కంటే ఎక్కువ యుద్ధాలు చూసిన విలేఖరి. 1944 జూన్‌లో ఆస్పత్రి ఓడలో దొంగచాటుగా దాక్కుని, ఫ్రాన్స్‌లో యుద్ధం జరుగుతున్న నార్మండీ తీరానికి వెళ్లింది. ఆయన తాగితే, అరిస్తే గాయం అంటారు. ఆమె పడ్డదానికి మీ యంగ్ పుస్తకంలో ఏ పేరుంది?

పాత అలమర:
మీ అమ్మగారి గురించి చదివాక చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. అయినా ఒప్పుకోను. మా తమ్ముడు కార్గిల్ నుంచి తిరిగొచ్చాడు. ఎవర్నీ ఒక్క మాట అనడు, చెయ్యెత్తడు. లైటు ఆర్పితే మాత్రం పడుకోడు. ఇంట్లో అందరూ పిరికివాడన్నారు, నేనూ అన్నాను. హెమింగ్వే 1927 నాటి కథ ఒకటి ఉంది. గాయపడి వచ్చిన నిక్ చీకట్లో కళ్లు మూస్తే ప్రాణం ఒంట్లోంచి వెళ్లిపోతుందని రాత్రంతా మేలుకుని, తను చేపలు పట్టిన వాగులన్నీ మనసులో తలుచుకుంటూ ఉంటాడు. అది చదివిన రాత్రే మా వాడి గదిలో లైటు గురించి మాట్లాడటం మానేశాను. గాయం లేదని మీరంటే నాకు మళ్లీ ‘పిరికివాడు’ అనే వినిపిస్తుంది.

నల్లగొండ రామన్న:
మీ తమ్ముణ్ణి నేను ఏమీ అనలేదక్కా. లైటు ఉండనీయండి. ఆ కథలో గాయం ఉందంటే ఒప్పుకుంటా, అందులో యుద్ధం పేరు పెట్టే రాశాడు. చేపల కథకు మాత్రం ఒప్పుకోను. భార్యల అధ్యాయాలకు అసలే ఒప్పుకోను.

పాత అలమర:
భార్యల సంగతి వదిలేశాను. చేపల కథ వదలను. ఆ నిక్ గుడారంలో కూర్చుని దేని గురించీ ఆలోచించకుండా ఉండటానికి పడే తంటా మీరు ఇంకోసారి చదవండి.

నల్లగొండ రామన్న:
చదువుతా. ఆ నది మాత్రం ఫాక్సే.