పాత తిండికి తిరిగి వెళ్తే చాలా? చోడి అంబలి, బెల్లం, నడకపై చర్చ

గజపతినగరం వాసి (చర్చాంశం):
విజయనగరంలోనూ శ్రీకాకుళంలోనూ ఉదయపు నడకకు వచ్చేవారి కోసం మైదానాల పక్కన చోడి (రాగి) జావ బళ్లు వెలిశాయి. కిరాణా కొట్లలో కొర్రలు, సామలు పొట్లాలుగా అమ్ముతున్నారు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక ఈ ఊపు ఇంకా పెరిగింది. దీన్ని నేను పూర్తిగా సమర్థిస్తున్నాను. మర పట్టిన తెల్లబియ్యం, పంచదార మన వంటింటిని ఆక్రమించక ముందు ఈ ప్రాంతపు మెట్ట పల్లెలు చోళ్లు, గంటెలు (సజ్జలు), ఉలవలతోనే బతికాయి. వాటిని వదిలాకే ఇంటింటా షుగరు వచ్చింది. కాబట్టి తెల్లన్నం స్థానంలో చోళ్లు, పంచదార స్థానంలో బెల్లం వాడుకుంటే మన అనారోగ్యంలో అధికభాగం తీరుతుందని నా వాదన. కాదనేవారు కారణాలు చూపాలని కోరుతున్నాను.

బొబ్బిలి విశ్రాంత ఉద్యోగి:
నేను ఏకీభవిస్తున్నాను. పంచదార మానేసి తాటిబెల్లం వాడుతున్నాం. ఇందులో చర్చించవలసినది ఏముందో నాకు అర్థం కాలేదు.

విజయనగరం పోషకాహార విద్యార్థిని:
చర్చించవలసినది సరిగ్గా ఆ బెల్లమేనండి. పంచదార దాదాపు పూర్తిగా సుక్రోజు అనే చక్కెరే. బెల్లంలో అదే సుక్రోజు కొంత తక్కువగా ఉండి, దానితోపాటు కొంత గ్లూకోజు, ఫ్రక్టోజు, తేమ, స్వల్పంగా ఖనిజాలు ఉంటాయి. 100 గ్రాముల పంచదార సుమారు 400 కిలోకేలరీలు ఇస్తే, అంతే బెల్లం సుమారు 380 ఇస్తుంది. బెల్లంలో ఇనుము ఉందన్నది నిజమే కాని, చక్కెర భారం లేకుండా అదే ఇనుము ఉలవల్లో దొరుకుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, మనం వంటల్లో, పానీయాల్లో కలిపే చక్కెరలు, తేనెలోనూ పండ్ల రసాల్లోనూ ఉండే చక్కెరలు అన్నీ కలిపి రోజు మొత్తం శక్తిలో పది శాతానికి మించరాదు, ఐదు శాతం లోపు ఉంటే ఇంకా మేలు. రోజుకు 2,000 కిలోకేలరీలు తినేవారికి అవి వరుసగా 50 గ్రాములు, 25 గ్రాములు. ఈ లెక్కలో బెల్లానికి మినహాయింపు లేదు, తాటిబెల్లానికీ లేదు. గ్లాసుడు జావలో 25 గ్రాముల బెల్లం కరిగించి తాగినవారికి ఆ మేలైన హద్దు పొద్దున్నే దాదాపుగా నిండిపోతుంది. మధ్యాహ్నం టీ ఇంకా మిగిలే ఉంటుంది.

చోళ్ల సంగతి వేరు. 100 గ్రాముల చోళ్లలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, బియ్యంలో అది పది మిల్లీగ్రాముల దరిదాపుల్లోనే. పీచులో కూడా పోలిక లేదు. అయినా పిండిపదార్థం 65 గ్రాములకు పైనే ఉంటుందనీ, మాంసకృత్తులు ఏడు గ్రాముల దగ్గరే ఆగుతాయనీ పొట్లాల మీది ప్రకటనలు చెప్పవు. మాంసకృత్తుల విషయంలో బియ్యం కంటే చోళ్లు ఎక్కువేమీ కాదు కాబట్టి, పక్కన పప్పో, ఉలవచారో, గుడ్డో, చేపో లేకుండా ఒక్క ధాన్యాన్ని మార్చినంత మాత్రాన భోజనం సమగ్రం కాదు. పైగా మెత్తటి పిండిని బాగా ఉడికించి పలుచగా తాగితే అది త్వరగా అరిగి రక్తంలో గ్లూకోజును త్వరగానే పెంచుతుంది. జావను నమలనక్కరలేదు కదా!

ఇక పాత తిండి అంటున్నారు గనుక, మన అంబలి ఎలా ఉండేదో కూడా చూడాలి. చోడి పిండిని రాత్రి నీళ్లలో కలిపి పులియబెట్టి, ఉదయం నూకలతో కాచి, చల్లారాక మజ్జిగ కలిపి, ఉప్పు వేసుకుని, ఉల్లిపాయ కొరుక్కుంటూ తాగేవారు. పులియడం వల్ల, ఖనిజాలను ఒంటికి పట్టనివ్వని ఫైటిక్ ఆమ్లం ధాన్యంలో తగ్గి ఇనుము, కాల్షియం ఒంటికి మెరుగ్గా పడతాయి. అందులో తీపి లేదు. బెల్లం అరిసెలకు, పండుగలకు, అతిథులకు. మనం పాత ధాన్యాన్ని తెచ్చుకున్నాం గాని, దానికి పండుగనాటి తీపిని రోజూ జోడిస్తున్నాం. నా అభ్యంతరం ఇక్కడే.

రాజాం ఉపాధ్యాయిని:
ఒక మినహాయింపు కోరుతున్నాను. మన ప్రభుత్వ బడుల్లో 2023 మార్చి నుంచి వారానికి మూడు రోజులు బెల్లం కలిపిన రాగి జావ ఇవ్వడం మొదలైంది. ఇంటి దగ్గర ఏమీ తినకుండా బడికి నడిచి వచ్చి, విరామంలో మైదానమంతా పరుగెత్తే పిల్లకు ఆ గ్లాసు జావ ఒక పూట బలం. కుర్చీలో కూర్చుని పనిచేసే నలభై ఏళ్ల మనిషికి చెప్పిన హద్దునే ఆ పిల్లకూ చూపి జావ ఆపించే తొందర ఎవరికీ కలగకూడదు.

విజయనగరం పోషకాహార విద్యార్థిని:
పిల్లల జావ ఆపమని నేను అనడం లేదండి, అందులో బెల్లం మోతాదు తగ్గిస్తే మేలంటాను. కాని మీరు చెప్పిన తేడాయే అసలు విషయం. అంబలి తాగిన మన ముందుతరం వారు దుక్కి దున్నారు, ఊడ్పులు ఊడ్చారు, మోపులు మోశారు. పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ సహాయం పెద్దగా అవసరం లేకుండానే రక్తంలోంచి గ్లూకోజును లాక్కుంటుంది. ఆ పని పోయాక అదే తిండి, అదే పరిమాణంలో, అదే ఫలితం ఇస్తుందని ఆశించలేం. ధాన్యం పేరు కంటే గిన్నె కొలత, తిన్న తర్వాతి కదలిక ముఖ్యమని నా అభిప్రాయం. వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. భోజనం తర్వాత పది పదిహేను నిమిషాలు నడిచినా ఆ పూట పెరిగే గ్లూకోజు తగ్గుతుంది. నడక ఒక్కటే కాదు, బరువులెత్తడం కూడా కావాలి. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట నుంచి వెళ్లి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి పుట్టిన నేలలో, ఆడవారికి బరువులెందుకని ఇంకా అడుగుతున్నారంటే విచిత్రంగా ఉంటుంది.

శ్రీకాకుళం గృహిణి:
ఆరుబయట నడవమని చెప్పడం తేలిక. కోడి రామమూర్తి స్టేడియం దగ్గరలో ఉన్నవారి మాట వేరు. మా వీధిలో కాలిబాట లేదు, తెల్లవారుజామున కుక్కలు, సాయంత్రం వంటపని. నాకు కుదిరింది మేడ మీద నడవడం, మెట్లెక్కి దిగడం. ఈ చర్చలో మగవారు ఆ వీధిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

మెట్ట రైతు, చీపురుపల్లి వైపు:
2025-26కు కేంద్రం చోళ్లకు క్వింటాకు 4,886 రూపాయలు, సాధారణ వరికి 2,369 రూపాయలు మద్దతు ధర ప్రకటించింది. ధర రెట్టింపు కనిపిస్తుంది కాని, వర్షాధారపు మెట్టలో దిగుబడి వరితో సమానంగా రాదు, కొనేవారూ అంతగా లేరు. చోళ్లు తినండని ఊరంతా చెప్పేవారు పంట కొనే మాట కూడా చెప్పాలి.

సోంపేట వాసి:
ఇంతవరకూ ఎవరూ మా శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతం మాట ఎత్తలేదు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస మండలాల్లో మధుమేహం, రక్తపోటు లేనివారికి కూడా మూత్రపిండాల జబ్బు వస్తోంది. ఆ కారణంగానే పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారికి ఆకుకూరలు, పప్పులు, పండ్లు, కొబ్బరినీళ్లు ఎంతైనా మంచివే అని చెప్పడం ప్రమాదకరం. వాటిలోని పొటాషియం బయటికి పోక రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. చోళ్లలోని ఫాస్ఫరస్ కూడా అటువంటివారికి లెక్క చూసుకోవలసినదే. కొబ్బరి తోటల మధ్య బతికే మాకు, చెట్టు నుంచి దింపిన బొండాన్ని వద్దనడం ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు. మరొకటి: మూత్రపిండాలు మందగిస్తే ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. ఇన్సులిన్ గాని, కొన్ని రకాల షుగరు మాత్రలు గాని వాడేవారు ఖాళీ కడుపుతో దూరం నడిస్తే గ్లూకోజు పడిపోయి దారిలోనే కూలిపోవచ్చు. ఎండాకాలంలో పది దాటాక నడక, నీళ్లు తాగకుండా పొలం పని, రెండూ మాకు పనికిరావు. కనుక మా వైపు ముందు మూత్రపిండాల పనితీరు తెలిపే రక్తంలో క్రియాటినిన్ పరీక్ష, ఆ తర్వాతే తిండి మార్పు.

గజపతినగరం వాసి:
సోంపేట వాసి గారి హెచ్చరికను చర్చాంశానికి పైన చేర్చమని నిర్వాహకులను కోరుతున్నాను. బెల్లం విషయంలో లెక్కలు కాదనలేను. అయితే తెల్లన్నమే తింటూ నడిస్తే చాలన్న అర్థం వచ్చేలా కొందరు దీన్ని చదువుతారేమోనని నా భయం. అందుకు నేను ఒప్పుకోను. పీచు, కాల్షియం విషయంలో చోళ్లకు బియ్యం సాటి రాదని విద్యార్థిని గారే రాశారు. మజ్జిగతో కాచిన అంబలి, దాని పక్కన ఉలవచారు, తిన్నాక కాసేపు నడక అంటే నాకు అభ్యంతరం లేదు. రైతు గారికి ఒక ప్రశ్న: గజపతినగరంలో నలుగురైదుగురు కలిసి నేరుగా మీ దగ్గరే చోళ్లు కొంటే, బస్తా ఏ ధరకు ఇవ్వగలరు?

మెట్ట రైతు, చీపురుపల్లి వైపు:
మద్దతు ధరకే ఇస్తాను. రవాణా ఖర్చు మీది, దుమ్ము చెరిగించుకోవడం కూడా మీదే.