అప్‌డేట్: ట్రెక్‌లో పిడుదు కరిచిన విషయం

ట్రెక్ నుంచి వచ్చిన రెండు రోజులకు మోకాలి వెనక పిడుదు కనిపించింది, ఏం చేయాలని అడిగాను కదా. మీరు చెప్పినట్టే సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా నిదానంగా లాగేశాను. గసగసాల గింజంత ఉంది, ముందు పుట్టుమచ్చే అనుకున్నాను.

తొమ్మిదో రోజున అక్కడే ఎర్రటి మచ్చ మొదలై, రోజురోజుకీ వెడల్పయింది. నొప్పి లేదు, దురదా లేదు. డాక్టర్ చూడగానే లైమ్ వ్యాధి (పిడుదు కాటుతో సోకే బ్యాక్టీరియా జబ్బు) అన్నారు. తొలి వారాల్లో రక్తపరీక్షలో తేలకపోవచ్చట, అందుకే పరీక్ష కోసం ఆగకుండా డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చారు. ఇప్పుడు మచ్చ పోయింది, టెన్షన్ తగ్గింది.

బాధల్లా ఒక్కటే. ఆ దారి మొదట్లో పాముల గురించి బోర్డుంది, పిడుదుల గురించి ఒక్క ముక్క లేదు. 24 గంటల్లోపు తీసేస్తే లైమ్ సోకే ముప్పు చాలా తక్కువ. ఆ మాట అక్కడ రాసి ఉంటే ఆ సాయంత్రమే ఒళ్లంతా చూసుకునేదాన్ని. బోర్డు పెట్టమని నిర్వాహకులకు రాశాను.