వినైల్ నేల మీద శాశ్వతంగా ముగ్గు వేయించొచ్చా?

బరంపురం కోడలు
మాది బరంపురంలో కింది అంతస్తు ఇల్లు. హాల్లో పాత మొజాయిక్ నేల మీద వినైల్ (ప్లాస్టిక్ నేల) వేయిస్తున్నాం. మా అత్తగారు పండక్కి వేసే ఎనిమిది రేకుల పద్మం హాలు మధ్యలో ఎప్పటికీ ఉండాలని మావారి కోరిక. ఆవిడకు మోకాళ్ల నొప్పులు, ఇప్పుడు వంగలేకపోతున్నారు. షాపువాళ్లు కంప్యూటర్ ప్రింట్ తీసి అంటిస్తామంటున్నారు. ఒక మిస్త్రీ ముక్కలు కోసి పొదుగుతానంటున్నాడు. ఏది మంచిది? అసలు వేయించొచ్చా?

పర్లాకిమిడి మాస్టారు
వద్దమ్మా. ముగ్గంటే పొద్దున వేసి మర్నాడు తుడిచేసేది. బియ్యప్పిండితో వేస్తే చీమలకు తిండి కూడా. మన పక్కింటి ఒడియా వాళ్లనే చూడండి. మార్గశిర గురువారాల్లో మాణబస అనే లక్ష్మీపూజకు బియ్యం నానబెట్టి నూరి ఝోటి అనే ముగ్గు వేస్తారు, లక్ష్మీ పాదాలు గుమ్మం నుంచి లోపలికి దిద్దుతారు. వాటి మీద కాలు పడకుండా ఎంత జాగ్రత్తగా నడుస్తారో! అది ఆ కొద్ది రోజులు కాబట్టి సాగుతుంది. ఏడాది పొడుగునా నేలలో పద్మం ఉంటే పిల్లలు తొక్కరా? వచ్చినవాళ్లు తొక్కరా?

రాయగడ ఫ్లోరింగ్ పని
మాస్టారూ, తొక్కడం గురించి మీరన్నది నిజమే. కానీ ఆవిడ చేతి ముగ్గు ఇంట్లో నిలవాలనుకోవడం తప్పు కాదు. చోటు మార్చండి చాలు. హాలు మధ్యలో కాకుండా దేవుడి గది ముందు, గోడవారగా వేయించండి.

ప్రింట్ స్టిక్కర్ మాత్రం వద్దు. ఫ్యాక్టరీలో తయారైన వినైల్‌లో బొమ్మ లోపల ఉంటుంది, దాని మీద అరుగుదలకు వేరే పొర ఉంటుంది. ఇళ్లకు 0.3 మిల్లీమీటర్లు, రద్దీ ఉండే షాపులకు 0.55 పొర ఉన్న సరుకు వాడతాం. ఊళ్లో ప్రింట్ తీసి పైన అంటించినదానికి ఆ బలం రాదు. రోజూ తడిగుడ్డ పెడితే ముందు అంచులు లేస్తాయి. నేనే అంటించి, నేనే పీకి, గమ్ గోకిన ఇల్లు ఒకటుంది.

పొదిగించాలంటే 2 మిల్లీమీటర్ల హోమోజీనియస్ షీటు తీసుకోండి. దాంట్లో రంగు పైనుంచి అడుగు దాకా ఒకటే, అరిగినా పువ్వు పోదు. పువ్వుకూ నేలకూ మందం ఒకటే ఉండాలి, లేకపోతే అంచు కాలికి తగులుతుంది. ముందు అట్ట మీద రేకు గీసి కోస్తాం. ఆ అట్టతో రంగు షీటులో రేకు తీసి, దాన్ని నేల షీటు మీద పెట్టి, దాని అంచు వెంటే కత్తి నడిపి కింది షీటు కోస్తాం. కత్తి నిటారుగా ఉండాలి. వంపుల దగ్గర కొంచెం వేడి చూపిస్తే షీటు మెత్తబడుతుంది. తర్వాత గమ్, రోలర్, మర్నాడు జాయింట్లకు వెల్డింగ్, అంటే సందుల్లో ప్లాస్టిక్ రాడ్ కరిగించి నింపడం. క్లిక్ పలకల్లో ఇది కుదరదు. అవి నేలకు అంటుకోవు, ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడతాయి. మధ్యలో కోస్తే ఆ పట్టు పోతుంది.

ఇంకొకటి, నాకు చాలా ఇష్టమైన పని. మెలికల ముగ్గుకు ముక్కలే అక్కర్లేదు. గీత వెంట షీటులో గాడి తీసి, తెల్ల వెల్డింగ్ రాడ్ కరిగించి నింపితే అదే ముగ్గు గీత అవుతుంది. రాడ్ 4 మిల్లీమీటర్ల లావు, వేళ్లతో వేసిన గీతలాగే ఉంటుంది. పైకి పొంగినదాన్ని రెండుసార్లుగా కోయాలి. వేడి మీద కొంత, పూర్తిగా చల్లారాక మిగతాది. వేడి మీదే నేల మట్టానికి కోసేస్తే చల్లారేటప్పుడు గీత కుంగిపోతుంది, ఆ పల్లంలో మురికి చేరుతుంది. మీ మిస్త్రీని ఈ ఒక్క ప్రశ్న అడగండి, పని తెలిసినవాడో కాదో తేలిపోతుంది.

గుణుపురం నుంచి
అందరూ పైన బొమ్మ గురించే చెబుతున్నారు, కింద తడి మాటేమిటి? 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు మా గదుల్లోకి నీళ్లొచ్చాయి. నేల పైకి ఆరినట్టే కనిపించింది. నాలుగు నెలలు ఆగి వినైల్ అంటించాం. వానలు మొదలయ్యేసరికి గమ్ మెత్తబడి అక్కడక్కడా ఉబ్బింది, కోసి కలిపిన చోట్ల జాయింట్లు విచ్చుకున్నాయి. మామూలు షీటు అయితే తీసి మరొకటి వేసుకోవచ్చు. పువ్వు పొదిగిన పని అలా పోతే ప్రాణం ఉసూరుమంటుంది. ముందు చదరపు ప్లాస్టిక్ కాగితం నేల మీద పరిచి, నాలుగు వైపులా టేపు వేసి ఒకటి రెండు రోజులు ఉంచండి. అడుగున చెమట పడితే పని ఆపేయండి.

రాయగడ ఫ్లోరింగ్ పని
ఇది నేను ముందే చెప్పాల్సింది. తడి ఉన్న నేల మీద నేనైతే గమ్ డబ్బా మూత కూడా తీయను. పాత మొజాయిక్‌లో గుంటలుంటే నున్నగా పూత వేయించండి, లేకపోతే ప్రతి గుంటా షీటు మీద తేలుతుంది.

పర్లాకిమిడి మాస్టారు
దేవుడి గది ముందైనా నా అభిప్రాయం మారలేదు. ఇంటి పెద్దావిడను అడిగారా?

బరంపురం కోడలు
అడిగాను మాస్టారూ. పద్మం నేలలో వద్దన్నారు. మెలికల ముగ్గు అయితే సరే, అదీ గోడవారగానే, మధ్యలో మాత్రం ఖాళీ ఉంచమన్నారు. పండక్కి అక్కడ నా చేత పిండితో పద్మం వేయిస్తారట, తను కుర్చీలో కూర్చుని చెబుతారట.

ప్లాస్టిక్ కూడా పరిచి చూశాం. దేవుడి గది వైపు పొడిగానే ఉంది. బాత్రూం గోడ పక్కన అడుగంతా నీటి బొట్లు. ముందు ప్లంబర్‌ని పిలుస్తున్నాం.