కారు గుద్దిన కేసుకు వకీలును పెట్టాలా, మేమే నడిపించుకోవచ్చా? (నల్గొండ)

బత్తాయితోట అడిగిన ప్రశ్న:

అన్నలకు, అక్కలకు నమస్తే. మాది కట్టంగూరు దిక్కు. దసరా ముందు మా బాపు ఎక్సెల్ మీద తోట నుంచి వస్తుంటే 65 నంబరు హైవే మీద కారు గుద్దింది. కుడి కాలు మోకాలి కింద విరిగి రాడ్ వేసిన్రు. కర్ర పట్టుకొని వాకిట్ల దాకా నడుస్తడు గని గట్టు ఎక్కలేడు. వయసు 52. ఎఫ్‌ఐఆర్ కారు డ్రైవర్ మీదనే అయింది, కారుకు ఇన్సూరెన్స్ ఉంది.

బాపు దవాఖానల ఉన్నప్పుడే ఒకాయన వచ్చి వకీలు మనిషినన్నడు. "మీకు రూపాయి ఖర్చు లేదు, వచ్చినదాంట్ల నాలుగో వంతు మాకు" అని వకాల్తాతోపాటు రెండు ఖాళీ చెక్కుల మీద సంతకం అడిగిండు. "పంటలోనుకు పెట్టిన సంతకాలే ఇంకా తెగలే, మళ్లా నీకా?" అని బాపు పెట్టలే. తర్వాత కారు ఓనర్ తరఫున పెద్దమనుషులు వచ్చిన్రు, 60 వేలు తీసుకొని రాజీ కాగితం రాసియ్యమంటున్నరు. మా మామేమో లోక్ అదాలత్‌కు మనమే పోదాం, వకీలుకు పైసలెందుకు అంటడు. ఆపరేషన్ ఆరోగ్యశ్రీల అయింది, మా దగ్గర బయటి మందులు, స్కానింగ్ బిల్లులే ఉన్నయి. ఇంకో భయం, బాపుకు లైసెన్సు లేదు. సంక్రాంతి కూడా పోయింది, ఇంట్ల ఏదీ తేలుతలేదు.

పాలమూరు డ్రైవర్:

వకీలు ఏం అవసరం లేదు తమ్మీ. జడ్చర్ల కాడ నా కారును లారీ రాసుకపోతే నా పాలసీ మీదనే క్లెయిమ్ పెట్టిన. సర్వేయర్ వచ్చి ఫోటోలు తీసుకపోయిండు, షెడ్డోనికి పైసలు పడ్డయి.

కోర్టు గుమస్తా:

పాలమూరు అన్నా, మీది బండి డ్యామేజీ. ఇది మనిషికి దెబ్బ తగిలిన కేసు, ట్రిబ్యునల్‌కు, అంటే యాక్సిడెంట్ పరిహారం తేల్చే కోర్టుకు పోవాలె. రెండూ ఒకటి కాదు.

తమ్ముడూ, నేను నల్గొండలో ఒక వకీలు దగ్గర గుమస్తాను, కాబట్టి నా మాట కొంచెం తగ్గించుకొనే విను. మోటారు వాహనాల చట్టం 166 సెక్షన్ కింద దెబ్బ తగిలినాయన సొంతంగా పిటిషన్ వేసుకోవచ్చు, వకీలు ఉండి తీరాలని లేదు. కానీ అవతల ఇన్సూరెన్స్ వకీలు ఉంటడు. రోడ్డు దాటేటప్పుడు మీ బాపు చూసుకోలేదని, కాలు మంచిగనే ఉందని, భూమి ఎక్కడికీ పోలేదు కదా అని అడుగుతడు. ఆ క్రాస్‌లో, అంటే అవతలి వకీలు ఎదురు ప్రశ్నలు అడిగేటప్పుడు, మీ బాపు ఒక్కడే నిలబడతడా? కాలికి చిన్న దెబ్బయితే మీరే పోండి అనేవాణ్ణి. రాడ్ పడ్డ కాలుకు వకీలు ఉండాలె.

లెక్క ఎట్లుంటదో చూడు. నెలకు 15,000 ఆదాయం, పని చేసే శక్తిలో 20 శాతం నష్టం అని కోర్టు ఒప్పుకుందనుకో. ఎన్నేళ్ల ఆదాయం కట్టియ్యాలో వయసును బట్టి ఒక గుణకం ఉంటది, 52 ఏళ్లకు అది 11. 15,000 × 12 × 11లో 20 శాతం, అంటే 3,96,000. నొప్పికి, మందులకు, చూసుకున్న మనిషికి ఇచ్చేది వేరే. ఇప్పుడు ఆ 60 వేల సంగతి ఆలోచించు. రాజీ కాగితంలో "ఇక ఏ క్లెయిమూ లేదు" అని ఒక్క ముక్క ఉంటే చాలు, రేపు అదే కోర్టులో పెడతరు.

లోక్ అదాలత్ మంచిదే గానీ అక్కడ సంతకం పెట్టినంక అప్పీలు లేదు. పిటిషన్ వేసి, సర్టిఫికెట్లు చేతిలో పెట్టుకొని పోతే బేరం వేరేగ ఉంటది.

లైసెన్సు లేనంత మాత్రాన తప్పు మీ బాపుది కాదు, బండి ఎట్ల నడిపిండన్నదే చూస్తరు. పంచనామా స్కెచ్, ఎంవీఐ (బండ్లను చూసే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) రిపోర్ట్, ఛార్జిషీట్ కాపీలు తీసుకోండి. ప్రమాదం అయిన ఆరు నెలల్లో పిటిషన్ పడాలని 2022 ఏప్రిల్ నుంచి రూలు. దాని మీద సుప్రీంకోర్టులో కేసులున్నయి గానీ వాటిని నమ్ముకొని ఉగాది దాకా ఆగకండి.

నాలుగో వంతు అడిగినాయన సంగతి: వచ్చినదాంట్ల వాటా మాట్లాడుకోవద్దని బార్ కౌన్సిల్ రూలే ఉంది. నడిచేది నడుస్తనే ఉంది, నేనేమీ కొత్తగ చెప్తలేను. ఖాళీ చెక్కు మాత్రం ఎవ్వరికీ ఇయ్యొద్దు.

మిర్యాలగూడ అక్క:

మా ఆయన కేసులో డాక్టర్ సాక్ష్యమే మమ్మల్ని కాపాడింది తమ్ముడూ. వికలాంగ శాతం కాగితం ఇచ్చి ఊకుంటే సరిపోదు, ఆ డాక్టర్ కోర్టుకు వచ్చి చెప్పాలె. మా వకీలు మూడు మాట్లు తేదీ మార్పించి మరీ ఆయన్ను పిలిపించిండు, ఆ పని మాతోని అయ్యేది కాదు. ఆరోగ్యశ్రీ అయినా దవాఖాన నుంచి కేస్ షీట్ అడుగు, ఇస్తరు. రైతుకు జీతం చిట్టీ ఉండదు, బత్తాయి అమ్మినప్పుడు మార్కెట్ల ఇచ్చిన తక్‌పట్టీలు (అమ్మకం చిట్టీలు) ఉన్నయా?

ఫీజు భయమైతే జిల్లా కోర్టులో న్యాయసేవాధికార సంస్థకు పోండి, అర్హత ఉంటే ఉచితంగ వకీలును ఇస్తరు. 15100కు ఫోన్ చేసినా చెప్తరు.

బత్తాయితోట:

తక్‌పట్టీలు ఉన్నయి అక్కా, బాపు ఏదీ పారెయ్యడు. పాత గడ్డిఅన్నారం మార్కెట్‌వి, తర్వాత బాటసింగారంవి ట్రంకు పెట్టెల కట్టలు కట్టి ఉన్నయి. చెట్లకు పాదులు చేసుడు, మందు కొట్టుడు అన్నీ ఆయనే చేసేటోడు, ఇప్పుడు కూలోళ్లను పెడుతున్నం. ఆ కూలి లెక్క కూడా రాసి పెట్టాల్నా?

పెద్దమనుషులకు బాపే ఫోన్ చేసి వద్దన్నడు. సోమవారం న్యాయసేవ ఆఫీసుకు పోతం.

కోర్టు గుమస్తా:

రాయండి, తేదీ వేసి, పైసలు తీసుకున్న కూలోళ్ల సంతకం పెట్టించి. భూమి ఉంది కదా నష్టమేంది అని అడిగినప్పుడు చూపెట్టేది అదే. బిల్లులు ఒరిజినల్వి తెండి, మెడికల్ షాపు కాగితం మీద సిరా ఎగిరిపోతది, ముందే జిరాక్స్ తీసి పెట్టుకోండి. బాపు ఆధార్, పాస్‌బుక్ మరువకండి.