నాన్న తలమీద మచ్చ, రిపోర్టులో ఆంజియోసార్కోమా

బ్రాడీపేట కుర్రాడు:
మాది గుంటూరు. నాన్నకు డెబ్భై దాటాయి. తిరుమలలో తలనీలాలు ఇచ్చాక మాడు పక్కన వంకాయరంగు మచ్చ కనిపించింది. ఎక్కడో తగిలి కమిలిందిలే అనుకున్నాం. నెలలు గడిచినా తగ్గలేదు సరికదా, తువాలుతో తుడిస్తే రక్తం వస్తోంది. ఒక డాక్టరుగారు ఆయింట్‌మెంట్ రాశారు, ఇంకొకరు ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టులో ఆంజియోసార్కోమా అని వచ్చింది. ఈ వారంలోనే ఆపరేషన్ అంటున్నారు. మచ్చ రూపాయి బిళ్ళంత కూడా లేదు. కోసేస్తే అయిపోతుందా? నాన్న ఏళ్ళ తరబడి మిర్చి యార్డులో చేశారు, ఆ ఘాటు వల్ల వచ్చిందా?

పటమట మాస్టారు:
బాబూ, నేను పాథాలజీ ల్యాబ్‌లో చేసి రిటైరయ్యాను, డాక్టర్ని కాను. రక్తనాళాల లోపలి పొరలో పుట్టే క్యాన్సర్ ఇది. సార్కోమాలే (కండ, కొవ్వు, ఎముక, రక్తనాళాల్లాంటి వాటిలో పుట్టే క్యాన్సర్లు) అరుదు, వాటిలోనూ ఇది నూటికి ఒకటో రెండో. పెద్ద వయసులో తలకు, ముఖానికి ఎక్కువ. పైకి కనిపించే మచ్చ కంటే చర్మం కింద దూరంగా పాకి ఉంటుంది, అందుకని రూపాయి బిళ్ళ లెక్క నమ్మకు. ఊపిరితిత్తులకు పాకే రకం కాబట్టి ఆపరేషన్‌కు ముందే ఛాతీ సీటీ స్కాన్ తీయించండి.

రిపోర్టులో సీడీ31, ఈఆర్‌జీ మార్కర్లు (ఇవి రక్తనాళాల కణాలేనా అని తేల్చే పరీక్షలు) చూసినట్టు రాశారా? లేకపోతే తీసిన ముక్కను దాచిన మైనం బ్లాకులు, స్లైడ్లు అడిగి తీసుకుని సార్కోమాలు బాగా చూసే చోట మళ్ళీ చదివించు. మంగళగిరి ఎయిమ్స్ మీకు దగ్గరే. ముంబై టాటా మెమోరియల్‌లోనూ బ్లాకులు చూసి అభిప్రాయం చెబుతారు.

మిర్చిని అనకు. చాలామందిలో కారణమే దొరకదు. కారణం దొరికిన వాటిలో పేరుమోసింది ప్లాస్టిక్ ఫ్యాక్టరీల్లో వాడే వినైల్ క్లోరైడ్ అనే రసాయనం. 1974లో అమెరికాలోని లూయీవిల్ కార్మికుల కాలేయాల్లో ఈ క్యాన్సరే బయటపడింది.

తెనాలి కోడలు:
మా అత్తయ్యకు రొమ్ము క్యాన్సర్‌కి రేడియేషన్ ఇచ్చినచోటే ఏళ్ళ తర్వాత ఎర్రమచ్చలు లేచాయి. అదీ ఇదే జబ్బు. వారానికోసారి పాక్లిటాక్సెల్ అనే కీమో మందు ఎక్కించారు. వేళ్ళు తిమ్మిరెక్కి పూలు కట్టలేకపోయేవారు, ఆ మాట డాక్టరుకు చెబితే డోసు తగ్గించారు. చెప్పకుండా ఓర్చుకోనివ్వకండి.

బ్రాడీపేట కుర్రాడు:
రేపు బ్లాకులు తెచ్చుకుంటాను మాస్టారూ. ఆపరేషన్ ఆలస్యమైతే ప్రమాదం కాదా?

పటమట మాస్టారు:
నెలలు ఆగితే ప్రమాదమే, ఇది వేగంగా పెరిగే జబ్బు. ఎన్ని రోజులు ఆగొచ్చో సర్జన్‌నే అడుగు, స్కానూ రెండో రిపోర్టూ ఆ లోపే కానివ్వు. బ్లాకులు చేతి సంచిలోనే పెట్టుకో. బండి డిక్కీలో వద్దు, మన ఎండకు మైనం మెత్తబడుతుంది.